ఏరు దాటిన పీర్ల పులి

అనగనగా ఒక ఊళ్ళో ఒక పులి కాపురం ఉండేది. నవ్వకు. నిజంగానే కాపురం ఉండేది. దానికి తల్లి ఉంది, పెళ్ళాం ఉంది, బోదగడ్డి కప్పిన కొట్టం ఉంది. ఏడాదంతా మనిషిలాగే తిరిగేది. పీర్ల పండగ వస్తే మాత్రం పులి అయిపోయేది.

ఆ పులి మీ తాత. మొగుడి పేరు నోటితో పలకకూడదంటారు. ఆ చాదస్తం నాకు లేదు. ఫకీరప్ప. ఇదిగో, చెప్పాను. ఇల్లు కూలిందా? కూలలేదు కదా. పడుకో.

ఈ కథలో ఓబులమ్మ అని ఒకామె వస్తుంది. ఆమె ఎవరో నీకు తెలుసు, పళ్ళూడిపోయి నీ పక్కనే పడుకుని ఉంది. కానీ కథ కథే కాబట్టి ఆమెను ఆమె అనే చెప్తా. నువ్వు ఊఁ కొడుతూ విను.

ఫకీరప్ప పని ఎద్దులకు లాడాలు కొట్టడం. సంత రోజున ఎద్దును తాళ్ళతో పడేసి, కాళ్ళు కట్టి, గిట్టలకు ఇనప లాడాలు బిగించేవాడు. ఎద్దు బెదరకుండా దాని చెవిలో ఏవేవో చెప్తూ ఉండేవాడు. ఎద్దు లేచి దాని దోవన అది పోయాక కూడా ఆయన మాట ఆగేది కాదు. ఒకసారి దొరగారి గుర్రానికి వెండి లాడాలు కొట్టానని చెప్పాడు. ఆ గుర్రం దండం పెట్టి పోయిందని కూడా చెప్పాడు. జనం ఒక్కరూ నమ్మలేదు. ఒక్కరూ అక్కడినుంచి కదలనూ లేదు.

మీసం జానెడు, మాట బారెడు. అటువంటి మనిషికి పీర్ల పండగ ఒక శిక్ష. ఎందుకంటావా? వాళ్ళమ్మ మొక్కు.

వాళ్ళమ్మ పేరు మారెక్క. ఆమెకు ఫకీరప్ప కంటే ముందు ముగ్గురు బిడ్డలు పుట్టారు. ఒక బిడ్డ పురిట్లోనే పోయింది. ఒక బిడ్డ పాకే వయసులో పోయింది. ఒక బిడ్డ అమ్మా అని పిలవడం నేర్చుకున్నాక పోయింది.

ఆ తర్వాత మళ్ళీ కడుపు నిలిచింది. అప్పుడు మారెక్క పీర్ల చావిడి ముందర, నిప్పుల గుండం పక్కన పొర్లుదండాలు పెట్టి మొక్కుకుంది. ఈ బిడ్డ బతికితే నీ పేరు పెడతాను సామీ. ఏటా పులి వేషం కట్టించి నీ ముందర ఆడిస్తాను. వాడి ఒంటి మీద రంగు పడినప్పటినుంచి నిన్ను నీళ్ళకు సాగనంపేదాకా ఆ రంగు కడగనీను, వాడి నోట మనిషి మాట రానీను.

పీర్లు సాయిబులవి కదా, మనకెందుకు అని ఈ మధ్య కొందరు నోరు పారేసుకుంటున్నారు. వాళ్ళ మాట నా దగ్గర చెల్లదు. బిడ్డలు పోతున్న తల్లికి ఏ గడప ముందర ఊపిరి ఆడితే అదే గుడి. కడుపుకోత పడినవాళ్ళం, కాటికి బిడ్డల్ని మోసినవాళ్ళం మాకు తెలుసు, వాళ్ళకేం తెలుస్తుంది.

సరే, బిడ్డ బతికాడు. పెరిగాడు. మీసం వచ్చింది. అప్పటినుంచి ఏటా ఒంటినిండా పసుపురంగు పూసుకుని, నల్ల చారలు దిద్దుకుని, పంచె మెలిపెట్టి తోక కట్టుకుని ఆడేవాడు. డప్పు మోగితే చాలు, పులి గోడ మీదికి ఎగిరేది, పల్లాన పడి దొర్లేది, నేల మీద ఉంచిన నిమ్మకాయను పళ్ళతో అందుకునేది. గాండ్రింపు తప్ప ఒక్క మాట వచ్చేది కాదు.

ఆ తర్వాత పెళ్ళయింది. ఓబులమ్మది పెన్నేటికి అవతలి ఊరు. మొదటిసారి కడుపు నిలవలేదు. రెండోసారి మగబిడ్డ పుట్టాడు, పేరన్నా పెట్టకముందే కళ్ళు మూశాడు. ఫకీరప్ప అప్పుడు దూరపు సంతలో ఉన్నాడు. వచ్చేటప్పటికి అంతా అయిపోయింది. ఇంత మాటకారి, ఆ రోజు ఓబులమ్మతో ఒక్క మాట అనలేదు. పశువుల్ని కట్టే గాటిపాటన ఎద్దుల మధ్య పోయి కూర్చున్నాడు. ఓబులమ్మ గోడవైపు తిరిగి పడుకుంది. ఏడుపు ఎవరిది వాళ్ళు ఏడ్చుకున్నారు. అట్లా ఏడవకూడదమ్మా. కానీ మాకు ఎవరు నేర్పారు?

ఇంక మూడోసారి. ఓబులమ్మ పురిటికి పుట్టింటికి పోయింది. అప్పుడే పీర్ల పండగ వచ్చింది.

కడపటి రోజు పొద్దున్నే ఫకీరప్పకు రంగులు వేశారు. చావిడి ముందర డప్పులు మోగుతున్నాయి. పులి మంచి ఊపులో ఉంది. అప్పుడు జనాన్ని తోసుకుంటూ ఒక మనిషి వచ్చి బోర్లా పడ్డాడు. ఒంటినిండా బురద. చూస్తే ఓబులమ్మ నాయన లింగప్ప. పైన ఎక్కడో వానలు పడి ఏరు పొంగింది. ఆ ఏట్లో పడి ఈదుకుంటూ వచ్చాడు ముసలాయన.

ఆయనకు ఊపిరి తిరగడానికే చాలాసేపు పట్టింది. నిన్నటినుంచి నొప్పులు, బిడ్డ అడ్డం తిరిగింది, అక్కడి మంత్రసాని చేతులెత్తేసింది, ఈ ఊరి ఖాసింబిని తీసుకురాకపోతే రెండు ప్రాణాలూ దక్కవు. ఈ మాటలు చెప్పి ఆయన అక్కడే సోలిపోయాడు.

పులి కాళ్ళు కదిలాయి. అప్పుడు మారెక్క అడ్డం వచ్చింది. పీర్లు ఇంకా నీళ్ళకు పోలేదని, నడిమధ్యలో ఆట వదిలి పోతే మొక్కు బెడిసికొడుతుందని కొడుకు చెయ్యి పట్టుకుంది. ఆమెను తప్పు పట్టకు. ముగ్గుర్ని పోగొట్టుకున్న మనిషి. ఆ మొక్కే తన కొడుకు ప్రాణాన్ని కట్టి ఉంచిన తాడని నమ్మింది.

చావిడి చూసుకునే ముజావరు మస్తాన్ సాయిబు పెద్దమనిషి. ఆయన నిదానంగా వచ్చి మారెక్క చెయ్యి విడిపించాడు. రంగు కడగలేదు, నోరు తెరవలేదు, ఎక్కడ తిరిగినా అది పీరు పులే కదమ్మా, పోనీ అన్నాడు. మారెక్క వదిలింది. వదులుతూ ఒక్క మాట మాత్రం అంది.

"నోరు జాగ్రత్త నాయనా. నీ బిడ్డ ప్రాణం నీ నోట్లో ఉంది."

పులి పరుగు తీసింది.

ఖాసింబి ఇల్లు ఊరి చివర. ముసలిది, మోకాళ్ళు వంగవు, పీర్లను చూడడానికి కూడా రాలేదు. వాకిట్లో పులి కనిపించేసరికి ముఖం ఇంతయింది. పండక్కి పులి ఇంటింటికీ వస్తుంది, వచ్చిన పులి నోట్లో ఏదో ఒకటి పెట్టి పంపాలి. అది ఆచారం. అందుకని ఒక బెల్లం గడ్డ తెచ్చి ఫకీరప్ప నోట్లో పెట్టింది. పులి తల అడ్డంగా ఊపి కడుపు చూపించింది. పాపం ఆకలిగా ఉన్నట్టుందని లోపలికి పోయి మలీద ముద్ద తెచ్చి అది కూడా కుక్కింది. పులి కళ్ళల్లో నీళ్ళు తిరిగాయి. బెల్లం ఎక్కువైందేమో అని నీళ్ళ చెంబు తెచ్చింది.

అప్పుడు ఫకీరప్ప వాకిట్లో వెల్లకిలా పడుకున్నాడు. మోకాళ్ళు ముడిచి, కడుపు పట్టుకుని, ఆడమనిషి నొప్పులు పడినట్టు మెలికలు తిరిగాడు. ఆ తర్వాత ఏటి వైపు చెయ్యి చూపించాడు. ఖాసింబి చేతిలో చెంబు అట్లాగే నిలిచిపోయింది.

"ఓబులమ్మకా?"

పులి తల ఊపింది. ఖాసింబి మారుమాట లేకుండా కత్తి, దారం, ఆముదం, పాత గుడ్డలు మూట కట్టింది. ఏట్లో ఇసకకు బండి దిగబడుతుంది, ఆమె నడవలేదు. ఫకీరప్ప వంగి కూర్చున్నాడు. ఆమె ఆయన భుజాల మీదికి ఎక్కింది. నా జన్మలో గాడిద కూడా ఎక్కలేదురా, పులి ఎక్కిస్తున్నావు అంది.

దారిలో గొల్లపేట. పులి చేత తాకిస్తే బిడ్డలకు దడుపు పోతుందని తల్లుల నమ్మకం. డప్పుల్లేకుండా పులి దానంతట అదే వచ్చిందని, చంటిబిడ్డల్ని ఎత్తుకుని ఆడవాళ్ళందరూ దారికి అడ్డం వచ్చారు. ఫకీరప్ప పక్కకు పోతే వాళ్ళూ పక్కకు వచ్చారు. గాండ్రిస్తే ఇంకా సంతోషించారు. జరగండి అని ఒక్క మాట అంటే పోయేది. ఆ ఒక్క మాటే లేదు.

పైనుంచి ఖాసింబి అందుకుంది. మీ బిడ్డలు పుట్టి దడుచుకుంటున్నారు, అక్కడ ఒక బిడ్డ పుట్టడానికే దారి లేక కొట్టుకుంటోంది, జరగండి మిమ్మల్ని మన్నుబొయ్య అని తిట్టింది. ఆ గొల్లపేటలో సగం మందికి పురుడు పోసింది ఆమే. తల్లులందరూ చీలి దారి ఇచ్చారు. వాళ్ళలో ఒకామె కొంతదూరం వెంట నడిచి, ఏమీ కాదులే అన్నా, ఏమీ కాదు అని చెప్పి ఆగిపోయింది.

ఆ తర్వాత ఏరు. ఎర్రటి నీళ్ళు, సుడులు, కొట్టుకొస్తున్న కంపచెట్లు. ఫకీరప్ప ఒక్క క్షణం నిలబడ్డాడు. ఈత వచ్చు. కానీ భుజాన మనిషి ఉంటే ఈదలేడు, నడవాలి. పైగా ఒంటి మీద రంగు ఉంది. ఏరు ఆ రంగును ఉండనిస్తుందా?

దిగాడు. మోకాలి లోతు, నడుము లోతు, రొమ్ము లోతు. మధ్యలో కాలికింద ఇసక జారింది. నీళ్ళు ఒక్కసారి గడ్డానికి ఎగిరి దిగాయి. ఖాసింబి మూట ఒక చేత్తో పైకెత్తి, రెండో చేత్తో ఏది దొరికితే అది పట్టుకుంది. దొరికింది మీసం. ఏరు దాటేదాకా వదల్లేదు. ఫకీరప్ప కళ్ళల్లోంచి నీళ్ళు కారుతున్నాయి గానీ నోట్లోంచి శబ్దం రాలేదు.

అవతలి గట్టు మీద ఊరి పెద్దలు ఏటి పొంగు చూస్తూ నిలబడి ఉన్నారు. పొద్దు వాలుతోంది. ఎర్రటి నీళ్ళలోంచి పులి తల లేస్తోంది. దాని మీద జుట్టు విరబోసుకున్న ముసలామె, ఎత్తిన చేతిలో ఏదో పట్టుకుని వస్తోంది. ఇంక వాళ్ళకు ఏమనిపిస్తుంది చెప్పు? పెద్దమ్మ తల్లి పులెక్కి వచ్చిందనుకున్నారు. తలగుడ్డలు తీసి, బోర్లపడి, ఊరిని మింగొద్దు తల్లీ అని మొక్కారు.

ఆ మొక్కినవాళ్ళెవరో తెలుసా? ఖాసింబి పురుడు పోయడానికి వస్తే దొడ్డిదోవన రమ్మన్నవాళ్ళు. బిడ్డను చేతికిచ్చి పోయాక ఆమె కూర్చున్న చోట నీళ్ళు చల్లినవాళ్ళు. మనిషిగా వస్తే గడప దాటనివ్వరు, దేవతగా వస్తే మట్టిలో దొర్లుతారు. ఇది బాగా గుర్తుపెట్టుకో, పెద్దయ్యాక పనికొస్తుంది.

"లేయండి నాయనా. మొక్కులు రేపు తీసుకుంటా. ఇప్పుడు దారి ఇడ్సండి," అంది ఖాసింబి.

గొంతు గుర్తుపట్టి కొందరు సిగ్గుపడ్డారు. కొందరు లేవనే లేదు, ఎందుకైనా మంచిదని.

ఫకీరప్ప తన ఒళ్ళు తాను చూసుకున్నాడు. కాళ్ళనుంచి రొమ్ముదాకా రంగంతా ఏరు ఎత్తుకుపోయింది. పైన పులి, కింద మనిషి. రంగు కడుక్కోలేదు, ఏరే కడిగింది, అది నా తప్పు కాదు సామీ అని మనసులోనే పీరుకు చెప్పుకున్నాడు. ఇంక మిగిలింది నోరు. అది ఏటి చేతిలో లేదు, తన చేతిలోనే ఉంది. పళ్ళు బిగించి పరుగెత్తాడు.

ఓబులమ్మ ఇంటి ముందర పొయ్యి మీద నీళ్ళు కాగుతున్నాయి. ఖాసింబి లోపలికి పోయి తలుపు వేసుకుంది. ఫకీరప్ప తలుపు బయట నిలబడ్డాడు. లోపలినుంచి మూలుగు కూడా రావడం లేదు. అరిస్తే బాగుండునని ఆయనకు మొదటిసారి అనిపించింది.

చాలాసేపటికి తలుపు ఓరగా తెరుచుకుంది. ఖాసింబి చేతులకు ఆముదం, ముఖం నిండా చెమట. బిడ్డను తిప్పాను, దారిలో పెట్టాను, కానీ ఓబులమ్మే బలం వదిలేసింది అని చెప్పింది. వాళ్ళమ్మ పిలిచినా పలకదు, నేను కొట్టినా కదలదు, ఈ బిడ్డ కూడా పోయేదే కదా అని ఒక్క మాట అని కళ్ళు మూసుకుంది అంది.

"నువ్వు పిలువురా. నువ్వొచ్చినావని చెప్పినా అది నమ్మలే."

ఫకీరప్ప నోటికి చెయ్యి అడ్డం పెట్టుకుని వద్దన్నట్టు తల ఊపాడు. ఏటి అవతలినుంచి డప్పులు ఇంకా వినిపిస్తున్నాయి. పీర్లు ఇంకా నీళ్ళకు పోలేదు. నీ బిడ్డ ప్రాణం నీ నోట్లో ఉందన్న తల్లి మాట చెవిలో మోగుతోంది.

అప్పుడు ఆయన గాండ్రించాడు. గాండ్రింపు పీరుకు ఒప్పుకున్నదే కదా. లోపల చప్పుడు లేదు. ఆ తర్వాత తలుపు దబదబ బాదాడు. లోపల చప్పుడు లేదు. ఆ తర్వాత ఏం చెయ్యాలో తెలియక తలుపుకు నుదురు ఆనించి నిలబడ్డాడు. ఆ తలుపు చల్లగా ఉందట. అంత కాగుతున్న వేళ తలుపు అంత చల్లగా ఉండడం ఆయన ఎప్పుడూ మరిచిపోలేదు.

నోరు తెరిచాడు.

"ఓబులా. నేనే. ఈడనే ఉండా. బిడ్డ రాకపోయినా పర్వాలేదే. నువ్వు రా."

పొయ్యి దగ్గర ఉన్న ఆడవాళ్ళు బిక్కచచ్చిపోయారు. వంశం నిలబడాలని ముక్కోటి దేవుళ్ళకు మొక్కే రోజులు. ఆ మాట ఏ మొగుడూ ఏ పెళ్ళాంతోనూ అనగా వాళ్ళు వినలేదు.

లోపల ఓబులమ్మ కళ్ళు తెరిచింది. గాండ్రింపు విన్నది, అది పండగ పులి అనుకుంది. తలుపు చప్పుడు విన్నది, అది ఎవరిదో అనుకుంది. ఈ గొంతు మాత్రం ఆమె సొంతం. పోయినసారి ఆమె ఏ గొంతు కోసం ఎదురుచూసి ఎదురుచూసి, అది రాక గోడవైపు తిరిగి పడుకుందో, ఆ గొంతు. అది ఇప్పుడు వచ్చింది. ఆమెకు ఏడుపు రాలేదు. ఒళ్ళంతా రోషం వచ్చింది.

"ఎందుకు రాదు? ఇన్నాళ్ళు మోసింది నేను. రాకేం జేస్తాది?"

ఆ రోషంతోనే మంచం పట్టె గట్టిగా పట్టుకుంది. ఖాసింబి సెబాసు నా తల్లీ అంది. పొద్దు గుంకకముందే బిడ్డ భూమ్మీద పడింది. ఒక్క క్షణం ఏమీ వినిపించలేదు. ఆ ఒక్క క్షణం తలుపు బయట మీ తాత ఎన్నిసార్లు చచ్చి పుట్టాడో ఆయనకే తెలుసు. ఆ తర్వాత కేరుమంది. ఊరంతా వినిపించేటట్టు కేరుమంది.

ఎవరనుకున్నావు? మీ అమ్మే. ఆ గొంతు ఇప్పటికీ తగ్గలేదు కదా.

ఖాసింబి బిడ్డను తెచ్చి తండ్రి చేతుల్లో పెట్టింది. ఆయన భుజాన మిగిలిన పసుపురంగు బిడ్డ చెంపకు అంటుకుంది. లోకంలో బిడ్డలందరికీ ముందు నూనె రాస్తారు, మీ అమ్మకు పులి రంగు రాశారు.

కానీ ఫకీరప్ప ముఖంలో సంతోషం నిలవలేదు. మొక్కు తప్పాడు కదా. ఏరు తగ్గేదాకా ఆ ఇంట్లోనే ఉన్నాడు, బిడ్డ పక్కనుంచి కదల్లేదు. బిడ్డ తుమ్మితే లేచి నిలబడేవాడు. ఎక్కిళ్ళు వస్తే పీరుకు దండం పెట్టేవాడు. కాస్త ఎక్కువసేపు నిద్రపోతే ముక్కు దగ్గర వేలు పెట్టి చూసేవాడు. నిద్రపోయే బిడ్డను లేపొద్దని ఓబులమ్మ తిట్టేది. ఆ తిట్లు ఆయనకు పాలు తాగినట్టు ఉండేవి.

ఆ తర్వాత ఏరు తగ్గింది. కోలుకున్న లింగప్పను వెంటబెట్టుకుని మారెక్క వచ్చింది. వచ్చీ రాగానే బిడ్డ కాళ్ళు, చేతులు, ఊపిరి అన్నీ చూసుకుంది. కొడుకు దూరంగా గోడ దగ్గర నిలబడ్డాడు. నోరు తెరిచానమ్మా, డప్పులు వినిపిస్తుండగానే తెరిచాను, బిడ్డకేమన్నా అయితే అది నావల్లే అని చెప్పేశాడు. ఎప్పుడూ ఒక మాటకు పది మాటలు కలిపే మనిషి, ఆ రోజు ఒక్కటీ కలపలేదు.

మారెక్క బిడ్డను ఒళ్ళో పెట్టుకుని కూర్చుంది. కోపమో, భయమో, ఎవరికీ తెలియలేదు. ఏమన్నావురా అని అడిగింది. ఆయన చెప్పడానికి సిగ్గుపడ్డాడు. మంచం మీదనుంచి ఓబులమ్మ చెప్పింది. బిడ్డ రాకపోయినా పర్వాలేదు, నువ్వు రా అన్నాడత్తా.

మారెక్క తల వంచుకుంది. బిడ్డ మీద ఒక నీటి చుక్క పడింది, ఆ తర్వాత ఇంకొకటి పడింది. కొంగుతో బిడ్డను తుడిచింది గానీ తన కళ్ళు తుడుచుకోలేదు.

"ముగ్గుర్ని మన్నులో పెట్టినా. నువ్వుండావులే అని నాకు ఎవరూ అనలే," అంది.

ఆ మాట విని ఓబులమ్మ మంచం దిగింది. పచ్చి బాలింత దిగకూడదు. అయినా దిగింది. అత్త పక్కన కింద కూర్చుని ఆమె భుజానికి తల ఆనించింది. ఫకీరప్ప కూడా వచ్చి వాళ్ళ కాళ్ళ దగ్గర కూర్చున్నాడు. ఈసారి ఎవరి ఏడుపు వాళ్ళు ఏడవలేదమ్మా. అందరూ కలిసి ఏడ్చారు. మధ్యలో బిడ్డ ఆవులించింది.

మరుసటి ఏడు పండక్కి మారెక్క మనవరాలిని చంకన వేసుకుని పీర్ల చావిడి ముందర నిలబడింది. డప్పులు ఆపమంది. ఊరంతా వింటుండగా పీరుకు చెప్పుకుంది. మొక్కు కట్టింది నేను సామీ, ముడి విప్పేదీ నేనే. వాడి రంగు నీది, వాడి ఆట నీది. నోరు మాత్రం వాడిది.

పీర్లేమో ఏటికి,
పులేమో ఇంటికి,
కథేమో కంచికి,
కునుకేమో నీ కంటికి.